గడియార గోపురం కంటే నాలుగు మీటర్లు తక్కువ

టొరంటో వెళ్ళినవాళ్ళు నయాగరా చూస్తారు, సి.ఎన్. టవర్ ఎక్కుతారు, తిరిగి వచ్చేస్తారు. 2018 ఫిబ్రవరిలో నేను అక్కడ ఉన్న పన్నెండు రోజుల్లో నాలుగు రోజులు ఒక్క కూడలి దగ్గరే గడిచిపోయాయి. క్వీన్ వీధి, బే వీధి కలిసే చోటు అది. బే వీధికి తూర్పున 1899లో తెరిచిన పాత సిటీ హాల్ ఉంది, పడమర 1965లో తెరిచిన కొత్త సిటీ హాల్ ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన చూడాలని నాకు చాలా ఏళ్ళుగా ఉండేది.

దానికి కారణం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక పురపాలక సంఘంలో, పట్టణ ప్రణాళిక విభాగంలో డ్రాయింగులు గీశాను. మాకు ఒక పాత కార్యాలయం ఉండేది. మద్రాసు టెర్రేసు కప్పు, టేకు దూలాలు, పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు కూర్చునే పొడవాటి వరండా. చోటు చాలడం లేదని దాని పక్కనే నాలుగంతస్తులు కట్టారు. పాత గోడకు కొత్త గోడ ఆనించి, వరండాను మూసేసి కట్టారు. ఆ డ్రాయింగు నా చేతులతోనే గీశాను. వెలుతురు పోయిన ఆ వరండాలోంచి నడిచిన ప్రతిసారీ, ఇది ఇంకోలా ఎలా కట్టి ఉండవచ్చు అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

మొదటి వారం టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. అక్కడి పోర్ట్ క్రెడిట్ స్టేషన్‌లో 'గో' అనే లోకల్ రైలు ఎక్కితే అరగంటలోపే టొరంటో నడిబొడ్డున యూనియన్ స్టేషన్. రైళ్ళు వేళకు నడిచాయి, బోగీలు వెచ్చగా, శుభ్రంగా ఉన్నాయి. దారిలో క్రెడిట్ నది గురించి చెబుతూ చెల్లెలి కొడుకు, "పెద్దమ్మా, నువ్వు చూడాలనుకుంటున్న పాత హాలు రాయి చాలావరకు ఈ నది లోయలోంచే వచ్చిందట" అన్నాడు. ఆ భవనం నాకు అప్పుడే కొంత చుట్టరికం కలిసినట్టు అనిపించింది.

యూనియన్ స్టేషన్ నుంచి క్వీన్ వీధి దాకా నేల కింది నడకదారి ఉంది. పాత్ అంటారు. మొత్తం సుమారు 30 కిలోమీటర్లు అల్లుకుని ఉంటుంది. చలికాలంలో అది వరమే. అయినా మొదటిసారి వెళ్ళేవాళ్ళు చలిని ఓర్చుకుని బే వీధి మీదుగానే నడవాలని నా సలహా. బ్యాంకుల ఎత్తైన మేడల మధ్య నడుస్తుంటే, వీధి చివర పాత హాలు గడియార గోపురం దారికి అడ్డంగా నిలబడి కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళే కొద్దీ పెరుగుతుంది. క్వీన్ వీధి దాటే దాకా కొత్త హాలు ఉన్నట్టే తెలియదు. ఎడమకు తిరిగితే ఒక్కసారిగా విశాలమైన మైదానం, దాని వెనక రెండు వంపు తిరిగిన మేడలు. అవి రెండూ ఒకే ఎత్తులో లేవు. తూర్పుది 27 అంతస్తులు, పడమరది 20. వాటి నడుమ ఒక మూకుడు మీద ఇంకో మూకుడు బోర్లించినట్టు గుండ్రంగా ఉన్నది కౌన్సిల్ సభామందిరం. గాలికి దీపం ఆరిపోకుండా రెండు అరచేతులు అడ్డం పెట్టినట్టుంది. పుస్తకాల్లో ఎన్నో బొమ్మలు చూశాను, ఈ పోలిక మాత్రం అక్కడ నిలబడ్డాకే తోచింది.

ఈ భవనం సులువుగా రాలేదు. 1955లో ఊళ్ళోని మూడు వాస్తుశిల్ప సంస్థలు కలిసి ఒక మామూలు రాతి భవనం ప్రతిపాదిస్తే, ఓటర్లు దాన్ని తిరస్కరించారు. అప్పుడు మేయర్ నేథన్ ఫిలిప్స్ హయాంలో అంతర్జాతీయ పోటీ పెట్టారు. 42 దేశాల నుంచి 500కు పైగా నమూనాలు వచ్చాయి. న్యాయనిర్ణేతల్లో ఒకరైన ఈరో సారినెన్ ఆలస్యంగా వచ్చి, అప్పటికే పక్కన పెట్టేసిన వాటిలోంచి ఈ నమూనాను బయటికి తీశారని చెబుతారు. 1958లో ఫిన్లాండ్ వాస్తుశిల్పి విల్యో రెవెల్ గెలిచారు. భవనం తెరవడానికి పది నెలల ముందు, 1964 నవంబరులో ఆయన కన్నుమూశారు. తన మైదానంలో జనం నడవడం ఆయన చూడలేకపోయారన్న సంగతి అక్కడ ఉన్న నాలుగు రోజులూ నా మనసులో మెదులుతూనే ఉంది.

ముందు పాత హాలు. వాస్తుశిల్పి ఇ.జె. లెనాక్స్ కట్టినది, పదేళ్ళు పట్టింది. నేను వెళ్ళినప్పుడు అందులో కోర్టులు నడుస్తున్నాయి. గుమ్మం దగ్గర సంచులు తనిఖీ చేసి లోపలికి పంపారు. మెట్ల దగ్గర పెద్ద రంగుటద్దాల కిటికీ ఉంది, దాని కింద కాసేపు నిలబడితే చాలు. బయట మాత్రం ఎక్కువసేపు గడపండి. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన వికారపు ముఖాలున్నాయి. తనతో గొడవపడ్డ కౌన్సిలర్ల మీద లెనాక్స్ అలా కసి తీర్చుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. వాటి మధ్య మీసాలున్న చక్కని ముఖం ఆయనదే. భవనం మీద పేరు వేసుకోవడానికి కౌన్సిల్ ఒప్పుకోకపోతే, చూరు కింద చుట్టూ ఒక్కో అక్షరంగా తన పేరు చెక్కించుకున్నాడు. మెడ నొప్పి పుట్టేదాకా ఆ అక్షరాలు వెతికాను. మా విభాగంలో డ్రాయింగు అడుగున సంతకానికి ఒక చిన్న గడి ఉండేది, అది కూడా పై అధికారికే. లెనాక్స్ పంతం నాకు అర్థమైంది.

కొత్త హాలులోకి వారపు రోజుల్లో ఎవరైనా ఉచితంగా వెళ్ళవచ్చు. గుమ్మం దగ్గరి ఉద్యోగిని కరపత్రం ఇచ్చి, ఎటునుంచి మొదలుపెట్టాలో ఓపికగా చెప్పింది. కింద నగరం నడిబొడ్డు నమూనా ఉంది. గోడ మీద డేవిడ్ పార్ట్రిడ్జ్ చేసిన లోహచిత్రం ఉంది, లక్షకు పైగా మేకులతో చేసినది. సభామందిరం బరువంతా మోసే లావాటి స్తంభం లోపలి నుంచే కనిపిస్తుంది. పైన సభలో అప్పట్లో మేయరుతో కలిపి 45 స్థానాలు. అదే ఏడాది ఎన్నికలతో కౌన్సిలర్ల సంఖ్య 25కు తగ్గిపోయింది. చుట్టూ గుండ్రంగా ప్రజలు కూర్చునే వరసలున్నాయి. పౌరుడు కూర్చునే కుర్చీ, కౌన్సిలరు కూర్చునే కుర్చీ ఒకే కప్పు కింద, ఒకే వలయంలో. అక్కడ ముప్పావు గంట ఊరికే కూర్చున్నాను, ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇప్పుడు బస సంగతి. మూడు రాత్రులు సిటీ హాల్‌కు ఉత్తరాన ఒక హోటలులో దిగాను. సిటీ హాల్ కనిపించే గది కావాలని అదనంగా డబ్బు కట్టాను. తెర తీస్తే కనిపించింది సిటీ హాలే, కానీ దాని వీపు. కిటికీ ఒక్కటి కూడా లేకుండా గీతలు గీతలుగా ఉన్న కాంక్రీటు గోడ. కిటికీలన్నీ లోపలివైపు, మైదానం వైపే ఉన్నాయి. గది మార్చమని అడిగితే చెప్పింది చెప్పినట్టే ఇచ్చామన్నారు. వెబ్‌సైట్‌లో చూపిన ధర మీద అప్పట్లో 13 శాతం పన్ను వేరుగా పడింది, అల్పాహారం కూడా వేరే. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకు లోటు లేదు, కానీ ఆ అదనపు డబ్బు మీరు కట్టకండి. క్వీన్ వీధికి దక్షిణంగా, మైదానం వైపు తిరిగిన గది అని ఖాయం చేసుకున్నాకే తీసుకోండి.

అయితే ఆ గోడను మూడు పొద్దులు చూడటం వల్లే ఈ భవనంలోని లోపం నాకు తెలిసింది. ఇది ఒకవైపే చేతులు చాచింది. ఉత్తరం నుంచి వచ్చేవాడికి మూసిన గోడే దిక్కు. ఆ ప్రాంతంలో ఒకప్పుడు ది వార్డ్ అనే పేట ఉండేది. వలస వచ్చిన బీదవాళ్ళు బతికిన పేట, నగరంలోని తొలి చైనా బజారు కూడా అక్కడే ఉండేది. ఈ మైదానం కోసం అందులో చాలా భాగం కూల్చేశారు. మైదానం ఎంత నచ్చినా, ఆ ఖాళీ ఎవరి ఇళ్ళ మీద ఏర్పడిందో కూడా చెప్పాలి.

పాత హాలుకూ ఆ గండం తప్పింది త్రుటిలోనే. కొత్తది తెరిచిన తర్వాత, ఈటన్ అనే దుకాణాల సంస్థ వాణిజ్య సముదాయం కోసం పాతదాన్ని కూల్చి, గడియార గోపురాన్నీ ముందున్న యుద్ధ స్మారకాన్నీ మాత్రం ఉంచాలని పథకం వేసింది. నగరవాసులు సంఘంగా ఏర్పడి అడ్డుకున్నారు. 1967లో ఆ పథకం ఆగిపోయింది. కొత్త భవనం ఎంత బాగున్నా పాతదాన్ని దానంతట అది కాపాడలేదు, జనం కాపాడారు. అలాగే మైదానంలో ఉన్న హెన్రీ మూర్ కంచు శిల్పం 'ది ఆర్చర్' కూడా. కౌన్సిల్ డబ్బు ఇవ్వకపోతే మేయర్ ఫిలిప్ గివెన్స్ విరాళాలు పోగుచేసి 1966లో నిలబెట్టారు. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు.

భోజనానికి ఆ కూడలి దగ్గర శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకదు. కాలేజ్ వీధి నుంచి 506 ట్రామ్ ఎక్కి జెరార్డ్ వీధిలోని ఇండియన్ బజారుకు వెళ్ళాను. దోసె పర్వాలేదు, కాఫీ నాకు నచ్చలేదు. మిస్సిసాగాలో చెల్లెలి వంటే మేలు. మే నెలాఖరులో వెళ్ళగలిగితే డోర్స్ ఓపెన్ రోజులు కలిసివస్తాయి, మామూలుగా తెరవని ఎన్నో భవనాలు అప్పుడు చూడవచ్చు. కానీ చలికాలంలో మైదానంలోని కొలను గడ్డకట్టిన మంచు రంగస్థలం అవుతుంది. స్కేటింగ్ ఉచితం, బూట్లకు మాత్రం అద్దె. నాకైతే ఫిబ్రవరే నచ్చింది.

చివరి సాయంత్రం చెల్లెలి కొడుకు స్కేటింగ్ చేస్తుంటే గట్టు మీద కూర్చున్నాను. కొలను మీది కాంక్రీటు తోరణాల సందులోంచి తూర్పున గడియారం వెలుగుతోంది. కొత్త మేడలో ఏ మూలా పాత హాలు రాయినీ కమానునూ అనుకరించలేదు. చాలినంత దూరంగా జరిగి, చూపుకు దారి వదిలింది. వాడు వచ్చి పక్కన కూర్చుని ఫోనులో వెతికి, "గడియార గోపురం 103.6 మీటర్లు, కొత్త మేడల్లో పెద్దది 99.5. కొత్తదే చిన్నది పెద్దమ్మా!" అన్నాడు. ఇరవై ఏడంతస్తుల మేడ, అరవై ఆరేళ్ళ పెద్దదాని కంటే నాలుగు మీటర్లు కిందే ఆగింది. రెండోసారి కూడా ఆ అంకెలు వాడి చేత చదివించుకున్నాను.

ఆ రాత్రి హోటలు కాగితం మీద మా పాత కార్యాలయం గీశాను. కొత్త మేడను గోడకు ఆనించకుండా, స్థలం వెనక్కి జరిపి, రెండింటి మధ్య వరండాకు ఎదురుగా ఖాళీ వదిలి కొలతలు వేశాను. ముప్పై అడుగులు సరిపోయేది. అంత స్థలం అక్కడ ఉండేది కూడా.