హేవ్‌లాక్‌లో డైవింగ్: 45 నిమిషాలు గ్యారంటీ అంటే నమ్మకండి

అండమాన్‌లో బోట్లు, గదులు, రాధానగర్ బీచ్ అన్నీ బాగున్నాయి, వాటి గురించి రాయడానికేం లేదు. మంట పెట్టింది హేవ్‌లాక్‌లో (2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, అయినా అందరూ హేవ్‌లాక్ అనే అంటున్నారు) మేం వెళ్లిన మొదటి డైవ్ షాపు.

నాకూ మా బావమరిదికీ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది, 18 మీటర్ల దాకా దిగొచ్చు. రెండు డైవ్‌లకు మనిషికి 6,500 కట్టించుకుని "ఒక్కోటి 45 నిమిషాలు గ్యారంటీ సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఎవరు ఎంత గాలి పీలుస్తారో తెలియకుండా గ్యారంటీ ఏమిటో! మావాడు ఆరడుగుల మనిషి, నీళ్లలో దిగితే టెన్షన్, గాలి గబగబా లాగేస్తాడు.

బోటెక్కాక చూస్తే వాడి సిలిండర్ గేజ్ 160 బార్ (లోపలి గాలి ఒత్తిడికి కొలత) చూపిస్తోంది. నిండుగా ఉంటే 200 ఉండాలి. మార్చమంటే "చాల్లెండి సార్" అని గైడ్ నవ్వేశాడు, బోట్లో వేరేది లేదట. లెక్క వేయండి: 11 లీటర్ల సిలిండర్, పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 18 మీటర్ల లోతులో దాదాపు 56 లీటర్లు లాగుతాడు, ఎందుకంటే పైన ఉండే ఒక బార్‌కు తోడు ప్రతి 10 మీటర్లకు ఇంకో బార్ ఒత్తిడి పెరుగుతుంది. చివర 50 బార్ మిగుల్చుకోవాలి కాబట్టి 160తో మొదలైతే 21 నిమిషాలకే అయిపోతుంది. సరిగ్గా అంతే అయింది. పైకొచ్చాక మిగతావాళ్లు మావాడి వల్లే డైవ్ పాడైందన్నట్టు చూశారు, పాపం ఆ పూటంతా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. అరగంట కూడా ఆగకుండా మొదటిదానికంటే లోతైన చోటికి రెండోది దిగమన్నాడు గైడ్. లోతులో పీల్చిన గాలి నుంచి ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవద్దా, లేకపోతే ప్రమాదం కదా? దిగలేదు. గంటసేపు గొడవపడితే మనిషికి వెయ్యి వెనక్కిచ్చారు.

మర్నాడు ఇంకో షాపులో 7,200. ఎక్కువే, కానీ అందరి గేజ్‌లూ మా ముందే చదివారు, ఒక్కొక్కరికీ డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టి ఎంతసేపు ఉండొచ్చో చూపించే పరికరం) ఇచ్చారు. "100 బార్ రాగానే సైగ చెయ్యండి, అక్కణ్నుంచి వెనక్కే" అంది గైడమ్మాయి. మావాణ్ని 10 మీటర్ల దగ్గరే పగడాల మీద తిప్పింది, తీసుకెళ్లింది తక్కువ లోతుకే కాబట్టి 38 నిమిషాలు వచ్చాయి! నైట్రోజన్ కాస్త పోయేలా 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపి, 50 బార్ ఉండగానే పైకి తెచ్చింది. రెండో డైవ్‌కి ముందు గంటకు పైగా టీ, బిస్కెట్లు. బావమరిది మళ్లీ మనిషయ్యాడు.

కాబట్టి డబ్బు కట్టేముందు షాపులో రెండే అడగండి: సిలిండర్ ఎన్ని బార్‌తో ఇస్తారు, రెండు డైవ్‌ల మధ్య ఎంతసేపు ఆపుతారు. చిరాకు పడితే బయటికొచ్చేయండి. ఇంకోటి, ఆ నైట్రోజన్ వల్లే, వరుసగా డైవ్‌లు చేస్తే విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు గ్యాప్ ఉండాలి. మొదటి షాపువాడైతే సాయంత్రం డైవ్, పొద్దున్నే ఫ్లైట్ అని ప్యాకేజీ కూడా అమ్ముతున్నాడు.