హామీ ఉన్న కార్డు, హామీ లేని కార్డు: పలాస నుంచి ఒక వ్యాపారి సమీక్ష

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ప్యాకింగ్ చేసి అమ్ముకునే నేను రెండు క్రెడిట్ కార్డులను కొన్నేళ్లుగా పక్కపక్కనే వాడుతున్నాను. ఒకటి ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను హామీగా పెట్టుకుని బ్యాంకు శాఖ ఇచ్చినది, మరొకటి ఏ హామీ లేకుండా ఒక ప్రైవేటు బ్యాంకు ఇచ్చినది. రివార్డు పాయింట్ల గురించి, విమానాశ్రయ లాంజ్‌ల గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు కనుక, ఆ బ్యాంకులు మనల్ని ఎలా తూకం వేస్తాయో, ఇచ్చిన లిమిట్‌ను ఎప్పుడు ఎందుకు కోస్తాయో నా అనుభవం మేరకు రాస్తున్నాను.

ఎఫ్‌డీ కార్డు రావడంలో కష్టమేమీ లేదు. డిపాజిట్‌లో కొంత శాతాన్ని లిమిట్‌గా ఇచ్చారు, ఆదాయం గురించి పెద్దగా అడగలేదు. రెండవ కార్డు దగ్గరే అసలు పరీక్ష ఎదురైంది. మొదట మా పిన్‌కోడ్ తమ జాబితాలో లేదన్నారు, కొంతకాలానికి జాబితాలో చేరాక ఆదాయపు పన్ను రిటర్నులు (ఐటీఆర్‌లు), బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగారు. మా వీధిలోని ప్రభుత్వ ఉపాధ్యాయుడికి జీతం చీటీ చూపగానే వచ్చిన కార్డు నాకు అంత తేలికగా రాకపోవడానికి కారణం మా వ్యాపారం తీరులోనే ఉంది. వేసవిలో జీడి పిక్కలు కొనేటప్పుడు ఖాతా దాదాపు ఖాళీ అవుతుంది, దసరా, దీపావళి నాటికి పప్పు అమ్ముడై మళ్లీ నిండుతుంది. దానికితోడు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతపు జీడి, కొబ్బరి తోటలను కూల్చేసిన తరువాత ఇక్కడి వారి ఆదాయం ఎంత స్థిరమైనదో అని అప్పు ఇచ్చేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం నాకు అన్యాయంగా అనిపించలేదు. పిక్కను పగలగొట్టకుండానే లోపల పప్పు దిగుబడి ఎంతో అంచనా కట్టే దళారీ లాగే, వారు కూడా మనిషిని చూడకుండా కాగితాలను బట్టి లెక్క కడతారు.

నాకు అసలు చిరాకు తెప్పించినది 2024 మొదట్లో వచ్చిన ఒక సందేశం. ప్రతి నెలా పూర్తి బిల్లు గడువులోపలే కడుతున్నప్పటికీ, ఆ రెండవ కార్డు లిమిట్‌ను సగానికి దగ్గరగా తగ్గించినట్లు అందులో ఉంది. కస్టమర్ కేర్ వారు ‘అంతర్గత విధానం’ అన్న మాట తప్ప మరేమీ చెప్పలేదు. నా ఒక్కడి కార్డు విషయంలో వారు వేసుకున్న లెక్క ఏమిటో నాకు తెలియదు కానీ, ఆ కాలంలో అన్ని బ్యాంకుల మీదా ఉన్న ఒత్తిడి మాత్రం రహస్యం కాదు. రిజర్వు బ్యాంకు 2023 నవంబరు 16న హామీ లేని వినియోగ రుణాలపై పట్టు బిగించి, బ్యాంకుల క్రెడిట్ కార్డు బకాయిలకు రిస్క్ వెయిట్‌ను, అంటే మూలధనం లెక్కకు ఆ అప్పును ఎంత బరువుగా చూడాలో చెప్పే శాతాన్ని, 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. బ్యాంకులు ఉంచుకోవలసిన కనీస మూలధనం 9 శాతంగా లెక్కిస్తే, 100 రూపాయల కార్డు బకాయికి అంతకుముందు పదకొండుంబావు రూపాయలు పక్కన పెడితే సరిపోయేది, ఆ తరువాత పదమూడున్నర కావలసి వచ్చింది. నేను సక్రమంగా కడుతున్నంత మాత్రాన ఆ భారం తగ్గేది కాదు. పైగా ఖాళీగా ఉన్న లిమిట్ కూడా బ్యాంకుకు భయమే, ఎందుకంటే కష్టంలో పడినవాడు చేతులెత్తేసే ముందు మిగిలిన లిమిట్ మొత్తాన్ని వాడేసుకోవడం వారికి తెలియని సంగతి కాదు.

ఈ విషయంలో నిబంధనలు కూడా ఒక పక్కకే మొగ్గు చూపుతాయి. 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం లిమిట్ పెంచాలంటే మన అంగీకారం తప్పనిసరి, తగ్గించడానికి మాత్రం మనకు తెలియజేస్తే చాలు. అయితే తగ్గింపు నష్టం అక్కడితో ఆగదు. రెండు లక్షల లిమిట్‌లో యాభై వేలు వాడితే అది పావు వంతు వాడకం, లిమిట్ లక్షకు దిగితే అదే యాభై వేలు సగం అవుతుంది, అప్పు పెరగకపోయినా మన అప్పుల తీరుకు మార్కుల్లాంటి సిబిల్ స్కోరుకు దెబ్బ తగులుతుంది. అప్పటి నుంచి నేను బిల్లు తయారయ్యే తేదీకి ముందే కొంత మొత్తం కట్టేస్తున్నాను. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు ఆ స్కోరు వేసే క్రెడిట్ సమాచార సంస్థలకు పదిహేను రోజులకు ఒకసారి వివరాలు పంపవలసి వచ్చింది కనుక, ముందే కట్టిన ఫలితం వారి నివేదికలో మునుపటి కంటే త్వరగా కనిపిస్తోంది.

శ్రీకాకుళంలో పెట్రోలు బంకుల దగ్గర, దుకాణాల ముందర బల్లలు వేసుకుని కూర్చునే ఏజెంట్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ‘ఒక్క సంతకం పెట్టండి సార్, అన్నీ మేం చూసుకుంటాం’ అంటూ ఒకే వారంలో నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టించేస్తారు. ప్రతి దరఖాస్తూ నివేదికలో ఒక ఎంక్వైరీగా నమోదవుతుంది, వరుసగా అవే కనబడితే తరువాతి బ్యాంకు ఈయనకు డబ్బు అవసరం మించిపోయిందని అనుకుంటుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. దరఖాస్తు పెట్టేముందు దాన్ని చదువుకోవడం మేలు.

వడ్డీ గురించి ఎక్కువ రాయను. నెలకు మూడున్నర శాతం చొప్పున వేసే కార్డు మీద మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో చూపిన కనీస మొత్తం మాత్రమే కడుతూ పోవడం వ్యాపారానికి పనికిరాదు. ఆ మినిమమ్ కూడా పూర్తిగా కట్టకుండా తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బకాయి కింద చేరుతుంది.

ఎఫ్‌డీ కార్డుకూ లోపం లేకపోలేదు. కార్డు ఉన్నంతకాలం ఆ డిపాజిట్ బందీగా ఉంటుంది, పిక్కల కాలంలో రొక్కం అవసరమైనప్పుడు దాన్ని విరిచే వీలు లేదు. అయినా ఇన్నేళ్లలో దాని లిమిట్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అందుచేత కొరియరు, ప్యాకింగ్ కవర్లు, డీజిలు వంటి ఆగకూడని ఖర్చులన్నీ దాని మీదకు మార్చాను. నెల జీతం ఉన్నవారికి హామీ లేని కార్డే సుఖం, పంట మీద, సీజను మీద బతికే వారికి మాత్రం మొదటి కార్డుగా ఎఫ్‌డీ కార్డునే సిఫారసు చేస్తాను. రెండవ కార్డు బ్యాంకు ఈ మధ్య తాజా ఐటీఆర్ పంపితే లిమిట్ మళ్లీ పెంచుతామని సందేశం పెట్టింది. కాగితాలు పంపాను, అంగీకారమూ ఇచ్చాను, కానీ పెరిగే ఆ మొత్తాన్ని నమ్ముకుని వచ్చే వేసవి పిక్కలకు బయానా మాత్రం ఇవ్వబోవడం లేదు.