సూదిమొన పుంజమా, పరచిన పుంజమా?

తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న చోటు చూడకుండా తిరుపతిలో భూగర్భశాస్త్రం చదివినట్లు కాదు. అలాంటి గ్రానైట్‌ను పలుచగా అరగదీసి, కార్బన్ పూత వేసి, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌లో (ఎలక్ట్రాన్ల పుంజాన్ని ఖనిజం మీద పడేసి, వెలువడే ఎక్స్-కిరణాల కౌంట్లను బట్టి అందులో ఏ మూలకం ఎంతుందో చెప్పే పరికరంలో) పెట్టాక అసలు తగవు మొదలవుతుంది: పుంజాన్ని సూదిమొనలా కుదించాలా, వెడల్పుగా పరచాలా?

పుంజాన్ని దాదాపు 1 మైక్రాన్‌కు కుదిస్తే గురి బాగా కుదురుతుంది. కానీ అక్కడున్నది ఆల్బైట్ (సోడియం ఉండే ఫెల్డ్‌స్పార్ ఖనిజం) అయితే, 15 కిలోవోల్టులు, 20 నానోఆంపియర్ల దగ్గర సోడియం కౌంట్లు తెర మీద కళ్లముందే జారిపోతాయి. పుంజం కింద సోడియం అయాన్లు అక్కడి నుంచి తప్పుకుంటాయి. సిలికాన్, అల్యూమినియం లేనిపోని పెద్దరికం తెచ్చుకుంటాయి. కాల్సైట్ ఇంకా సుకుమారం. కార్బన్ డయాక్సైడ్ వదిలేసి, చిన్న గుంట మిగులుస్తుంది.

పుంజంలోని అదే విద్యుత్తును 10 మైక్రాన్ల వ్యాసానికి పరిస్తే విస్తీర్ణం 100 రెట్లు, దెబ్బ చాలా తక్కువ. పెద్ద ఫెల్డ్‌స్పార్ రేణువులకు నేను కళ్లు మూసుకుని దీనికే ఓటు వేస్తాను. చిక్కల్లా పెర్తైట్‌తోనే: పొటాషియం ఫెల్డ్‌స్పార్‌లోని సన్నని ఆల్బైట్ చారలను వెడల్పు పుంజం పులిహోరలా కలిపేస్తుంది. వచ్చిన అంకె ఏ ఖనిజానిదీ కాదు. అక్కడ మాత్రం సూదిమొనే వాడి, విద్యుత్తును 5 నానోఆంపియర్లకు తగ్గించి, సోడియాన్ని అన్నిటికంటే ముందు కొలుస్తాను. కౌంట్లు తగ్గి గణాంక దోషం పెరుగుతుంది, భరించాలి.

గార్నెట్‌కా? అది పుంజానికి చెదరదు, ఏదైనా ఒకటే.