253 దగ్గర ఆగిపోయే ఇన్వర్టరు: డెల్టా పల్లెలో 3 కిలోవాట్ల డాబా సోలారు, చాన్నాళ్ల వాడకం తర్వాత

ప్యానెళ్లు ఎన్ని, వారంటీ ఎన్నేళ్లు అన్నవి ఇప్పుడు ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ మొదలయ్యాక 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ అన్న సంగతీ అందరికీ నోటికి వచ్చేసింది. అమ్మేవాళ్లు చెప్పని అంకె ఒకటుంది: 253 ఓల్టులు. లైను ఓల్టేజి అది దాటితే ఇన్వర్టరు, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికీ లైనుకూ పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె, తనంతట తానే ఆగిపోతుంది. ఈ సమీక్ష చాలామటుకు ఆ అంకె గురించే. గోదావరి డెల్టాలో ఆన్‌గ్రిడ్ సోలారు (కరెంటు లైనుకు కలిపి ఉండేది) పెట్టుకున్నవాళ్లు తిట్టుకునేదీ దాన్నే. నా దృష్టిలో మాత్రం ఆ పెట్టె మొత్తంలో అంతకంటే మంచి గుణం లేదు.

లక్షణం ఇలా ఉంటుంది. పదకొండు నుంచి రెండు లోపు, ఎండ మంచి పదును మీద ఉన్నప్పుడు ఇన్వర్టరు ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. తెర మీద గ్రిడ్ ఓవర్ ఓల్టేజి అని వస్తుంది. ఓల్టేజి కనీసం ఒక నిమిషం నిలకడగా ఉంటే గానీ మళ్లీ కలవదు. కలిసి, ఉత్పత్తి పెరిగేసరికి మళ్లీ పడిపోతుంది. యాప్‌లో గీత పొద్దున్నించి సాయంత్రం దాకా గుట్టలా లేచి దిగాలి. ఈ జబ్బు ఉన్న ఇంట్లో అది నడినెత్తిన దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. నెల బిల్లులో మాత్రం ఏమీ తెలియదు, ‘ఈసారి మబ్బులు ఎక్కువ కాబోలు’ అనుకుని వదిలేస్తారు.

కేంద్ర విద్యుత్ అథారిటీ 2013 నిబంధనల ప్రకారం ఓల్టేజి 110 శాతం దాటినా, 80 శాతం కంటే దిగినా ఇన్వర్టరు రెండు సెకన్లలో లైను నుంచి విడిపోవాలి. ఇంటికి రావాల్సిన 230 ఓల్టులకు 110 శాతం అంటే 253. అంటే ఆగిపోవడం ఇన్వర్టరు లోపం కాదు, దానికి అప్పగించిన పనే అది. కంపెనీకి ఫోన్ చేసి బోర్డు మార్పించుకున్నా కొత్త బోర్డు కూడా అక్కడే ఆగుతుంది.

మరి ఓల్టేజి అంత ఎందుకు ఎక్కుతుంది? మన పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ల రేటింగే 11 కేవీ నుంచి 433 ఓల్టులు. 433ని ఒక ఫేజుకు లెక్కేస్తే 250. లోడు లేనప్పుడు స్తంభం దగ్గరే 250 కనిపించే వీలుందన్నమాట. దానికి తోడు భీమవరం, ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు రొయ్యల చెరువులున్నాయి. వనామీ రొయ్యల చెరువులో రాత్రిపూట నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ (డీవో) అట్టడుగుకు చేరుతుంది. అందుకే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఎక్కువగా రాత్రే తిరుగుతాయి. చెరువుల ట్రాన్స్‌ఫార్మర్లు వేరుగా ఉన్నా వెనకాల 11 కేవీ లైను ఒకటే కాబట్టి రాత్రి ఆ బరువుకు లైను కుంగుతుంది. లో ఓల్టేజి అని రైతులు మొర పెడితే సబ్‌స్టేషన్‌లోనో, ట్యాప్ (ఓల్టేజిని మెట్లుమెట్లుగా మార్చే అమరిక) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ఒక మెట్టు పెంచుతారు. మెట్టుకు సాధారణంగా రెండున్నర శాతం, అంటే ఫేజుకు ఆరు ఓల్టులు. తెల్లారి ఏరియేటర్లు ఆగాక ఆ ఆరూ అలాగే మిగిలిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఆ మిగులు మీదికి మన సోలారు ఎక్కుతుంది.

మిగతాది ఇంటి తీగలోనే ఉంది. కరెంటు బయటికి వెళ్లాలంటే ఇన్వర్టరు లైను కంటే ఎక్కువ ఓల్టేజితో తొయ్యాలి. తీగ ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా ఉంటే అంత ఎక్కువ తొయ్యాలి. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. డాబా మీది ఇన్వర్టరు నుంచి కింద మీటరు దాకా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 30 మీటర్లు లాగితే అక్కడే 3.6 ఓల్టులు పెరుగుతాయి. 2.5 తీగయితే 5.8. మీటరు నుంచి స్తంభానికి 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు 40 మీటర్లుంటే ఇంకో 3.2. కొబ్బరితోటల మధ్య ఇళ్లకు 40 మీటర్లు మామూలే. స్తంభం దగ్గర 247 ఉందనుకోండి, 4 తీగతో ఇన్వర్టరు దగ్గర 254 దాకా వెళ్తుంది, ఆగిపోతుంది. అదే ఇంట్లో 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే ఆ 3.6 కాస్తా 1.4 అవుతుంది. 252 లోపు నిలబడుతుంది. బిగించేవాళ్లు తీగ కాలుతుందా లేదా అన్నదే చూసి 4 వేసేస్తారు. కాలదు నిజమే. ఓల్టేజి లెక్క ఎవరూ వెయ్యరు. ఇంకా మంచి దారి ఇన్వర్టరును కిందికి దించి మీటరు పక్కన పెట్టడం. డాబా నుంచి వచ్చే పొడుగు తీగ అప్పుడు డీసీ తీగ అవుతుంది. అందులో కాస్త కరెంటు పోవచ్చు గానీ ఏసీ ఓల్టేజి పెరగదు.

వాడగా వాడగా తెలిసే వింత ఏమిటంటే ఈ జబ్బు మండు వేసవిలో తక్కువ. మే నెల మధ్యాహ్నం ఊరంతా ఏసీలు, కూలర్లు తిరుగుతుంటాయి, లైను కిందికి దిగి ఉంటుంది. పైగా ప్యానెల్ వేడెక్కితే ఉత్పత్తి కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి దాదాపు 0.35 శాతం. ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే 12 శాతం పోయినట్టే. సంక్రాంతి ముందూ వెనకా చల్లటి ఎండలో ఫ్యాన్లు కూడా ఆగిపోయి ఉంటాయి, ప్యానెళ్లు మంచి ఊపు మీద ఉంటాయి. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయిపోయి చెరువులు ఎండగట్టిన రోజులు కూడా తోడైతే ఓల్టేజికి పట్టపగ్గాలుండవు. ఎక్కువ ట్రిప్పులు, అంటే ఇన్వర్టరు ఆగిపోవడాలు, అప్పుడే.

ఇక స్నేహితుల సంగతి. డెల్టాలో ఇంజనీరింగు చదివిన ఏ బ్యాచ్‌ను తీసుకున్నా ఒకడు సోలారు బిగింపులో ఉంటాడు, ఒకడు కరెంటు డిపార్టుమెంటులో ఉంటాడు, ఒకడు చెరువుల్లో ఉంటాడు. ఒకే హాస్టల్లో ఒకే రికార్డు చూసి రాసుకున్నవాళ్లు. గ్రూపులో ఎర్రలైటు ఫొటో పెట్టగానే మొదటివాడి జవాబు వచ్చేస్తుంది: “ఒరేయ్, రెండు నిమిషాల పని. లిమిట్ 265కి పెట్టేస్తా.” ఇన్‌స్టాలర్ పాస్‌వర్డ్ కొట్టి, గ్రిడ్ కోడ్‌ను (ఏ దేశపు ఓల్టేజి పరిమితులు పాటించాలో చెప్పే సెట్టింగును) ఇండియా నుంచి ఇంకో దేశానికి మారిస్తే ఆ పని నిజంగానే అయిపోతుంది. ట్రిప్పులు పోతాయి, యూనిట్లు పెరుగుతాయి, వాడికి థ్యాంక్స్ చెప్పి ఊరుకుంటారు.

నా కోపమంతా ఈ రెండు నిమిషాల పని మీదే. 253 మన కోసం పెట్టింది కాదు. అదే ఫేజు మీద వేలాడుతున్న మిగతా ఇళ్ల కోసం పెట్టింది. వాళ్లకు సోలారు లేదు, సబ్సిడీ రాలేదు. ఒక ఫ్యాను, రెండు ఎల్‌ఈడీ బల్బులు, వాయిదాల మీద కొన్న ఫ్రిజ్ ఉంటాయి. మన ఇన్వర్టరు 260 దగ్గర కూడా తొయ్యడం మానకపోతే ఆ ఓల్టేజిలో మన వంతు వాళ్ల బల్బు డ్రైవర్ల మీదా, ఫ్రిజ్ కంప్రెసర్ మీదా పడుతుంది. మూడు నెలలకు బల్బు పోతే నాసిరకం బల్బు అనుకుంటారు తప్ప నాలుగిళ్ల అవతలి డాబా గుర్తుకు రాదు. సాయం చేసిన స్నేహితుడికీ తెలియదు. తెలియకుండా జరిగే నష్టం కాబట్టే ఇది ఇంత తేలిగ్గా జరిగిపోతోంది.

రెండో దారి డిపార్టుమెంటులో ఉన్నవాడికి ఫోన్ చెయ్యడం. ట్యాప్ ఒక మెట్టు దించితే మన సమస్య తీరుతుంది. కానీ రాత్రి మూడింటికి ఏమవుతుంది? అప్పటికే కుంగి ఉన్న లైను ఇంకా దిగుతుంది. మోటారు తిప్పే బలం ఓల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. మూడు ఫేజుల మోటారుకు 415 ఓల్టులకు బదులు 373 (ఫేజుకు 215) వస్తే పది శాతం తగ్గినట్టు, బలం 81 శాతానికి పడిపోతుంది. ఏరియేటరు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, వైండింగ్ కాలుతుంది లేదా మోటారును కాపాడే రిలే పడి ఆగిపోతుంది. ఆ వేళ ఒక్క గంట ఏరియేటర్లు నిలిచిపోతే రొయ్య పైకి తేలుతుంది. ఆ చెరువు మూడోవాడిది కావచ్చు. మనం ఒక స్నేహితుణ్ని అడిగే ఉపకారం ఇంకో స్నేహితుడి పంట మీద నుంచి వస్తుందన్న సంగతి ఆ ఫోన్‌లో ఎక్కడా వినపడదు. పైగా డిపార్టుమెంటు వాణ్ని ఎంత ఇరుకున పెడుతున్నామో చూడాలి. కాదంటే స్నేహం తప్పినట్టు, సరేనంటే లాగ్‌బుక్‌లో కారణం లేని మార్పు రాయాల్సిన మనిషి అవుతాడు.

అడగకూడదని కాదు. స్నేహితుణ్ని అడగాల్సింది ఏ రీడింగులు తియ్యాలని, డిపార్టుమెంటుకు అర్జీ ఎలా రాయాలని. అది వాడికి ఇష్టమైన పని కూడా. తియ్యాల్సిన రీడింగులు ఇవి: ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం మీటరు దగ్గర ఇన్వర్టరు ఆన్‌లో ఉన్నప్పుడు ఒకటి, ఆపేసి ఐదు నిమిషాలయ్యాక ఒకటి. ఆన్‌లో 252 ఉండి, ఆపితే 244కి దిగితే తప్పు ఎక్కువగా సర్వీసు వైరుది, లేదా స్తంభం దగ్గర వదులైన జంపరుది (లైనుకు కలిపే తీగ ముక్కది). ఆపినా 250 పైనే ఉంటే తప్పు లైనుది. మీటరు దగ్గర తక్కువగా ఉండి ఇన్వర్టరు టెర్మినల్ దగ్గర నాలుగైదు ఓల్టులు ఎక్కువుంటే మన ఇంటి తీగదే. ఓల్టేజి స్థిరంగా కాకుండా 210కీ 270కీ ఊగుతుంటే ఏ లెక్కలూ వద్దు, న్యూట్రల్ వదులైంది, వెంటనే మెయిన్ దించి లైన్‌మన్‌కు చెప్పాలి. ఇవి కాక తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య ఒక రీడింగు తీసి అర్జీలో అదీ రాయాలి. అది లేకుండా ట్యాప్ దించమని అడగడం న్యాయం కాదు. ఆ అంకె 215 ఉందంటే ట్యాప్ ఊసే ఎత్తకూడదు.

అలాంటి చోట పనిచేసేది ఫేజు మార్పు. చాలా వీధుల్లో సోలారు ఇళ్లన్నీ అనుకోకుండా ఒకే ఫేజు మీద పడి ఉంటాయి. స్తంభం దగ్గర లైన్‌మన్ ఒక ఇంటిని పగటి లోడు ఎక్కువున్న ఫేజుకు మారిస్తే మూడు నాలుగు ఓల్టులు దిగిన సందర్భాలున్నాయి, ఎవరికీ నష్టం లేదు. ఇంకోటి, ఇన్వర్టరులో వోల్ట్-వాట్ అనే అమరిక ఉంటే దాన్ని ఆన్ చేయించాలి. పరిమితి మారదు. దగ్గరికి వచ్చేకొద్దీ ఉత్పత్తిని కొంచెం కొంచెం తగ్గిస్తుంది, పూర్తిగా ఆగిపోదు. కొన్ని యూనిట్లు పోతాయి, కానీ దువ్వెన పళ్లు పోయి గుట్ట మిగులుతుంది. ఇక బోరు మోటారు, వాషింగ్ మెషీను, గ్రైండరు మధ్యాహ్నానికి మార్చుకోవాలి. కిలోవాటున్నర లోడు ఇంట్లోనే తింటే సర్వీసు వైరులో పెరుగుదల సగానికి సగం తగ్గుతుంది. ఇంటి లోపలి తీగలో మాత్రం తగ్గదు.

కరెంటు పోతే సోలారూ ఆగిపోతుందన్నది ఇంకో ఫిర్యాదు. తుపాను తర్వాత ఎండ కాస్తుంటే ఇంట్లో చీకటిగా ఉండటం బాధగానే ఉంటుంది. అయినా తెగిన లైను మీద లైన్‌మన్ చెయ్యి వేసేటప్పుడు అది ఆగే ఉండాలి. డాబా నుంచి దొంగదారిన కలుపుకోవడం హత్యతో సమానం. హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టుకుంటే లైనుతో సంబంధం తెగిపోయాకే ఇంటికి ఇస్తుంది. అది ఉన్నవాళ్లు ఆ నాలుగు రోజులూ గేటు దగ్గర ఒక బోర్డు పెట్టి వీధివాళ్ల ఫోన్లు చార్జింగ్ చేసుకోనివ్వాలి. ఫోనుకు పట్టేది పదిహేను, ఇరవై వాట్‌అవర్లు మాత్రమే.

చిన్న విషయాలు: కొంగలు వాలే చోట రెట్ట ఎండకముందే కడగాలి. కొబ్బరిమట్ట నీడ ప్యానెల్‌లో ఒక మూలనే పడినా మూడో వంతు దాకా పోవచ్చు, ఎందుకంటే నీడపడ్డ భాగాన్ని పక్కకు తప్పించే బైపాస్ డయోడ్లు లోపల సాధారణంగా మూడే. నీడ పడుతోందని పక్కింటివాళ్ల చెట్టు కొట్టించమనే ముందు ప్యానెళ్లు రెండడుగులు జరిపి చూడటం మర్యాద. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి జీఐ (జింకు పూత ఇనుము) నట్లు తొందరగా తుప్పు పడతాయి, స్టీలులో 316 రకం అడగాలి. యాప్ బాగుందని కొత్తలో అందరికీ చెప్పేదాన్ని. బాగానే ఉంది, కానీ అది ఐదు నిమిషాలకోసారి రాసే అంకెలో ఒక నిమిషం ఆగి మళ్లీ కలిసిన ట్రిప్పు ఒక్కోసారి దాక్కుంటుంది. చేతిలో మల్టీమీటరు ఉండాల్సిందే.

కొనాలా వద్దా అంటే, ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరి ఇల్లయి పగలు మనుషులుండే ఇల్లయితే సందేహం లేదు. లైను చివర, పిల్లలు విదేశాల్లో ఉండి ఇద్దరు పెద్దవాళ్లే ఉండే ఇంట్లో తయారైనదంతా బయటికే తొయ్యాలి కాబట్టి 3 కంటే 2 కిలోవాట్లే మేలనిపిస్తోంది. 2 కిలోవాట్లకు సబ్సిడీ 60 వేలు. మా వీధి ఓల్టేజి మీ వీధిలో ఉండదు, అందుకని కొటేషన్ తీసుకునే ముందే ఒక మధ్యాహ్నం, ఒక తెల్లవారుజాము స్విచ్చిబోర్డు దగ్గర ఓల్టేజి చూసుకోండి. కొటేషన్‌లో ఏసీ తీగ సైజు, పొడవు రాయించుకోండి. గ్రిడ్ కోడ్ ఇండియాకే ఉందని బిగించిన రోజునే తెర ఫొటో తీసిపెట్టుకోండి.