అలర్జీ ముక్కుకి, సైనస్ ఇన్ఫెక్షన్‌కి ఏది మేలు: మాత్రా, చుక్కలా, ఆవిరా, స్ప్రేనా?

ప్రతి ఏడాదీ దసరా దాటి చలి మొదలయ్యేసరికి నాకు ముక్కు దిబ్బడేసేది. పొద్దున లేవగానే పది పదిహేను తుమ్ములు, కళ్లు దురద, ఇంకో వారానికి బుగ్గల దగ్గర బరువు, నుదుటి మీద నొప్పి. మెడికల్ షాపుకెళ్లి "సైనస్ మళ్లీ వచ్చిందండీ" అనడం, వాళ్లు మూడు మాత్రల యాంటీబయాటిక్ స్ట్రిప్పు, దాంతోపాటు జలుబు మాత్రలు ఇచ్చేయడం, నాలుగైదేళ్లు ఇదే నడిచింది. చివరికి ఓ ఈఎన్‌టీ డాక్టరుగారు ముక్కులోకి సన్న కెమెరా గొట్టం పెట్టి చూసి "నీకు చీము లేదమ్మా, ఇది అలర్జీ వాపు, ఇన్నాళ్లూ లేని జబ్బుకి మందు వేసుకున్నావు" అన్నారు. అప్పట్నుంచీ దీని గురించి అడుగుతూ, చదువుతూ తెలుసుకున్నదే ఇది, ఎందుకంటే మా ఇంట్లోనే ఇంకో ముగ్గురు ఇలాగే తిప్పలు పడుతున్నారు.

ముందు ఒక మాట. "నాకు సైనస్ ఉంది" అంటాం గానీ సైనస్‌లు అందరికీ ఉంటాయి, ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులవి, బుగ్గల్లో, నుదుట్లో, కళ్ల మధ్య, లోపల వెనకాల, మొత్తం 4 జతలు. వాటిల్లో ఊరే తడి సన్నటి రంధ్రాల్లోంచి ముక్కులోకి దిగిపోతూ ఉండాలి. అలర్జీ ఉన్నవాళ్లకి దుమ్మో పుప్పొడో తగలగానే ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనం విడుదలై ముక్కు లోపలి పొర ఉబ్బిపోతుంది, ఆ ఉబ్బుకి రంధ్రాలు మూసుకుపోతాయి. డాబా మీద తూముకి ఆకులు అడ్డం పడితే వాననీళ్లు నిలిచి పాచి పట్టినట్టే ఇక్కడా, నిలిచిన చీమిడిలో బ్యాక్టీరియా పెరిగే వీలు దొరుకుతుంది. అలర్జీకీ ఇన్ఫెక్షన్‌కీ ఉన్న చుట్టరికం ఇదే, అది దారి వేస్తుంది, కానీ ప్రతి అలర్జీ దిబ్బడా ఇన్ఫెక్షన్ కాదు. అసలు మామూలు వైరస్ జలుబుల్లో కూడా బ్యాక్టీరియా సైనస్ దాకా వెళ్లేవి పెద్దవాళ్లలో 100కి 2 లోపే.

మరి తేడా ఎలా తెలుస్తుంది? దురద, వరస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, జ్వరం లేకపోవడం, ఇల్లు దులిపినప్పుడో ఫలానా నెలలోనో రావడం, ఇవి అలర్జీ లెక్క. పది రోజులు దాటినా కొంచెం కూడా తగ్గకపోవడం, లేదా ఐదారు రోజులకి తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువవడం, లేదా మొదట్నుంచే 102 పైన జ్వరంతో చిక్కటి చీమిడి, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వరసగా ఉండడం, ఇవైతే బ్యాక్టీరియా అని డాక్టర్లు అనుమానిస్తారు. చీమిడి పచ్చగా ఉంటే ఇన్ఫెక్షనే అనుకుంటాం కదా, అది తప్పు, ఆ రంగు మన తెల్లకణాల వల్ల వస్తుంది, వైరస్ జలుబులోనూ వస్తుంది. ఇంకోటి, "సైనస్ తలనొప్పి" అని మనకి మనమే పేరు పెట్టుకునేది చాలాసార్లు మైగ్రేన్ అవుతుంది. వెలుతురు పడకపోవడం, వాంతి వచ్చినట్టుండడం ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి.

ఇక మందులు. మాత్రలతో మొదలుపెడతా, ఇంట్లో ముందు దొరికేవి అవే కాబట్టి. సిట్రజిన్, లెవోసిట్రజిన్, ఫెక్సోఫెనడిన్, ఇవన్నీ తుమ్ములకీ దురదకీ బాగా పనిచేస్తాయి, దిబ్బడకి మాత్రం అంతంతే. బండి నడిపేవాళ్లకి, పరీక్షలు రాసే పిల్లలకి మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ నయం, కాకపోతే దాన్ని పళ్లరసంతో వేసుకోకూడదు, సరిగా ఒంటికి పట్టదు, నీళ్లతోనే వేసుకోవాలి. పాతకాలపు సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు) ఉన్న జలుబు మాత్రలు నిద్ర ముంచుకొచ్చేలా చేస్తాయి, వాటిల్లో దిబ్బడ తగ్గడానికని కలిపే ఫినైలెఫ్రిన్ మాత్రగా మింగితే ఫలితం ఇవ్వట్లేదని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ తేల్చింది. మన దగ్గర చాలా ఎక్కువగా రాసే మాంటెలుకాస్ట్, లెవోసిట్రజిన్ కలిపిన మాత్ర గురించి ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో నిద్ర పాడవడం, పీడకలలు, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావొచ్చని 2020లో ఎఫ్‌డీఏ తన అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది, ఉట్టి ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడే ఇవ్వమంది. పిల్లలకి వేస్తున్నవాళ్లు వాళ్ల నిద్ర, ప్రవర్తన ఓ కంట కనిపెట్టి ఉండండి దయచేసి.

అసలు పోటీ ముక్కు చుక్కలకీ స్టెరాయిడ్ స్ప్రేకీ మధ్య. రెండూ ముక్కులో వేసేవే కదా ఒకటేలే అనుకుంటారు, పూర్తిగా వేరు. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు వేస్తే ఐదు పది నిమిషాల్లో ముక్కు బార్లా తెరుచుకుంటుంది, ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, అందుకే వదలబుద్ధి కాదు. మూడు రోజులు, మహా అయితే ఐదు, అంతకుమించి వాడితే మందు దిగగానే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. మా బాబాయి రెండేళ్లు దిండు కింద ఆ సీసా పెట్టుకునే పడుకున్నాడు. మానిపించడానికి స్ప్రే మొదలుపెట్టి ఒక్కో ముక్కురంధ్రం చొప్పున చుక్కలు ఆపించారు డాక్టరుగారు, ఆ మొదటి పది రోజులు ఆయన పడ్డ అవస్థ చూసినవాళ్లెవరూ ఆ సీసా జోలికి ఊరికే వెళ్లరు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలు అడగకుండా వాడొద్దు.

ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్ప్రేలు దీనికి పూర్తిగా తిరగేసి. వేసిన వెంటనే ఏమీ అనిపించదు, అసలు ఫలితం తెలియడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది, ఈలోపే "ఇది పనిచేయట్లేదు" అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. కానీ రోజూ వాడితే ఉబ్బు తగ్గుతుంది, ఉబ్బు తగ్గితే ఆ తూములు తెరుచుకుంటాయి, దిబ్బడకి మాత్రలకన్నా ఇదే మేలు. స్టెరాయిడ్ అనగానే మా అమ్మ భయపడింది, ఒళ్లు ఉబ్బిపోతుందేమో అని. ఫ్లూటికాసోన్ స్ప్రే రక్తంలోకి వెళ్లేది 2 శాతం కూడా ఉండదు, మింగే స్టెరాయిడ్ మాత్రతో దీన్ని పోల్చకూడదు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు, చిన్నపిల్లలకి నెలల తరబడి వాడేవాళ్లు డాక్టరు చూపులో ఉంటే చాలు. కొట్టే పద్ధతి ఎవరూ చెప్పరు గానీ సగం ఫలితం అందులోనే ఉంది: తల పైకెత్తకుండా కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకుని, నడిమి గోడ మీద కాకుండా బయటివైపు, అంటే అదే వైపు కంటి చివర దిక్కుగా కొట్టాలి, గట్టిగా ఎగపీల్చకూడదు. గొంతులోకి చేదుగా దిగుతోందంటే మందు వృథా అయినట్టే. రక్తం చారలు వస్తుంటే నడిమి గోడకి తగులుతోందని అర్థం.

ఆవిరికి, ముక్కు కడుక్కునే ఉప్పునీళ్లకి పోలిక పెడితే నా ఓటు ఉప్పునీళ్లకే. పసుపు వేసో జిందా తిలిస్మాత్ వేసో ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, నేనూ పడతా. కానీ 2016లో అచ్చయిన ఒక బ్రిటన్ అధ్యయనంలో 871 మంది మీద పోల్చి చూస్తే ముక్కు కడుక్కోవడం కొంత మేలు చేసింది, ఆవిరి వల్ల తలనొప్పి మాత్రం కాస్త తగ్గింది, అంతకుమించి లేదు. పిల్లల్ని దుప్పటి కప్పి మరిగే గిన్నె ముందు కూర్చోపెట్టొద్దు, ఒలికితే ఒళ్లు కాలిపోతుంది. జలనేతి, అంటే ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, చేసేవాళ్లు పావు లీటరు నీళ్లకి అర టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా వేసుకోవచ్చు, స్ప్రే కొట్టేముందు కడుక్కుంటే మందు పొరకి బాగా తగులుతుంది. నీళ్లు మాత్రం మరగబెట్టి చల్లార్చినవే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుని తినే అమీబా సోకి చనిపోయారు. అరుదే, కానీ ఒక్కసారి వస్తే బతకడం చాలా కష్టం. బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు నేరుగా వద్దే వద్దు.

యాంటీబయాటిక్ అయితే పైన చెప్పిన బ్యాక్టీరియా గుర్తులు ఉన్నప్పుడే. అప్పుడు కూడా సాధారణంగా ముందు రాసేది అమాక్సిసిలిన్ క్లావులనేట్, మన మెడికల్ షాపుల్లో అలవాటుగా ఇచ్చే మూడు రోజుల అజిత్రోమైసిన్ కాదు, దానికి లొంగని క్రిములు పెరిగిపోయాయి. అలర్జీ వాపుకి ఏ యాంటీబయాటిక్కూ ఏమీ చేయదు. నాకు ఇన్నేళ్లూ ఐదో రోజుకి తగ్గింది కూడా మందు వల్ల కాదు, అలర్జీ దానంతటదే సద్దుమణగడం వల్ల, ఇది తెలిశాక నిజంగా బాధేసింది.

వచ్చాక వేసుకునేదానికన్నా రాకముందు చేసేది ఎప్పుడూ నయం. మీ నెల ఏదో తెలిస్తే దానికి ఓ రెండు వారాల ముందే స్ప్రే మొదలుపెట్టమంటారు. పల్లెల్లో వయ్యారిభామ పూత, టెక్సాస్‌లో ఉండే మనవాళ్లకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ పుప్పొడి, ఎవరి శత్రువు వాళ్లకుంటుంది. ఏడాది పొడుగునా ఉంటే పరుపులోని డస్ట్ మైట్స్ (కంటికి కనపడని దుమ్ము పురుగులు) మీద అనుమానం పెట్టుకోండి, దిండు గలీబులూ దుప్పట్లూ వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే అవి చస్తాయి. ఇవన్నీ చేసినా లొంగకపోతే స్కిన్ టెస్టు చేయించి ఇమ్యునోథెరపీ (పడనిదాన్నే కొంచెం కొంచెంగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స), అది మూడు నుంచి ఐదేళ్ల పని. ముక్కు దూలం వంకరో పాలిప్సో (ముక్కులో పెరిగే మెత్తటి కండలు) ఉంటే ఆపరేషన్ అంటారు, తూము వెడల్పు అవుతుంది గానీ అలర్జీ పోదు, తర్వాత కూడా స్ప్రే తప్పదు.

కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనపడడం, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడడం, షుగరున్నవాళ్లకి ముఖం ఒకవైపు మొద్దుబారడం లేదా ముక్కులో నల్లటి పక్కు, వీటిల్లో ఏది కనిపించినా స్ప్రే మేలా మాత్ర మేలా అని చూడకండి, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.