విశాఖ వాట్సాప్ నాణేల వేలం: మచ్చను ముందే చూపించే అమ్మకందారు

విశాఖపట్నం నుంచి వాట్సాప్‌లో నడిచే ఒక నాణేల వేలం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. దానికి బోర్డు లేదు, వెబ్‌సైటు లేదు. పాత సభ్యులిద్దరు పూచీ పడితే తప్ప కొత్తవారిని చేర్చుకోరు కనుక పేరు రాసినా చదివేవారికి ఒరిగేదేమీ ఉండదు, అందుకే రాయడం లేదు. నిర్వాహకులు ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి. ఎం.వి.పి. కాలనీలోని తమ ఇంట్లోనే ఒక గదిని ఇందుకు కేటాయించుకున్నారు. గురువారం నాడు ఫొటోలు, వివరాలు గ్రూపులో పెడతారు. శుక్రవారం సాయంత్రం కావలసినవారు ఇంటికి వెళ్లి సరుకు చేతిలోకి తీసుకొని చూడవచ్చు. శనివారం రాత్రి పాట జరుగుతుంది, సోమవారం పార్శిళ్లు స్పీడ్ పోస్టులో బయలుదేరతాయి.

ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున జరిగే చేపల పాటలో సరుకు కళ్లెదుటే ఉంటుంది, అనుమానం వస్తే మొప్ప ఎత్తి చూసి మరీ పాట పాడవచ్చు. ఫోనులో జరిగే పాటలో ఆ వీలు లేదు. శ్రీకాకుళంలోనో రాజమహేంద్రవరంలోనో ఉన్న కొనుగోలుదారు అమ్మేవాడి కళ్లతోనే చూడాలి. కనుక ఇటువంటి సేవను అంచనా కట్టడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: తన సరుకు ధర తగ్గించే సంగతిని అమ్మకందారు ఎవరూ అడగకముందే చెబుతున్నాడా, లేదా. ఈ వేలం ఆ పరీక్షలో చాలావరకు నెగ్గింది. ఒక చోట మాత్రం నెగ్గలేదు, అది చిన్న విషయమేమీ కాదు.

ముందుగా నెగ్గిన చోటు. నేను ఇక్కడ కొన్నవాటిలో 1911 నాటి అయిదో జార్జి వెండి రూపాయి ఒకటి. రాజుగారి అంగీ మీది గొలుసులో చెక్కిన ఏనుగు చూడటానికి పందిలా ఉందని ఆ రోజుల్లో గొడవ చెలరేగి, మరుసటి ఏడాదికల్లా బొమ్మ మార్చి ముద్రించారు. అందుకే సేకర్తలు దీన్ని పంది రూపాయి అంటారు, మామూలు రూపాయికి లేని గిరాకీ దీనికి ఉంటుంది. గురువారం నాటి వివరణలో మొదటి వాక్యమే ఇలా ఉంది: "కిరీటానికి పైన అంచు మీద కొక్కెం అతికి తీసిన జాడ ఉంది, ఆకురాయి గీతలు కనబడతాయి." మన ఇళ్లలో వెండి రూపాయలకు కొక్కేలు అతికించి హారాలు గుచ్చుకోవడం, తరవాత అవసరానికి వాటిని విప్పి అమ్ముకోవడం కొత్త సంగతి కాదు. అలా వచ్చిన నాణెం అంచును అరగదీసి, మచ్చ లేనిదిగా అమ్మేవారే ఎక్కువ. ముందు నుంచీ వెనక నుంచీ తీసిన ఫొటోల్లో అంచు కనబడదు కనుక వారి పని సులువు. ఇక్కడ మాత్రం నాణేన్ని నిలబెట్టి అంచును నాలుగు వైపుల నుంచీ తీసిన ఫొటోలు పెట్టారు, త్రాసు మీద పెట్టి బరువు కనిపించేలా మరొకటి పెట్టారు. ఆ కాలపు రూపాయి అసలు బరువు 11.66 గ్రాములు, త్రాసు చూపించింది 11.48. ఆకురాయికి పోయినదెంతో, వాడుకలో అరిగినదెంతో చదివేవాడే లెక్క వేసుకోవచ్చు. పార్శిలు అందాక కురుపాం మార్కెట్‌లో తెలిసిన వెండి వ్యాపారి దగ్గర తూకం వేయిస్తే అంకె అదే వచ్చింది. పాట కూడా, మచ్చ లేని నాణెం పలికే ధరలో సగం లోపే మొదలైంది.

బరువు చూపించడం పెద్ద విశేషమా అని కొత్తవారు అడగవచ్చు. 1939 నాటి వెండి రూపాయి ఎంత అరుదో, దాని పేరిట ఎన్ని నకిలీలు తిరుగుతున్నాయో తెలిసినవారు అడగరు. 1938 నాణెం మీది చివరి అంకెను చెక్కి 9గా దిద్దడం ఈ రంగంలో పాత మోసం. అక్కడ బరువు సరిపోతుంది, వెండీ అసలుదే, అంకె ఒక్కటే అబద్ధం. పోతపోసిన నకిలీల సంగతి వేరు, వాటిలో బరువు తేడా వస్తుంది, అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనబడుతుంది, అక్షరాల మధ్య చదునుగా ఉండవలసిన చోట చిన్న చిన్న గుంటలుంటాయి. కనుక బరువు, అంచు, తేదీ దగ్గరి ఫొటో, మూడూ కలిసి ఉంటేనే కొనేవాడికి ఆధారం. ఈ వేలంలో ఆ మూడూ ప్రతి వెండి నాణేనికీ ఉంటున్నాయి. ఇటీవలి నాణేలకు కూడా తేదీ కింది భాగాన్ని విడిగా పెద్దది చేసి చూపిస్తారు. హైదరాబాదు టంకశాలకు నక్షత్రం, ముంబైకి వజ్రాకారం, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు కదా, అరిగిన నక్షత్రం చుక్కలా కనబడి ఒక టంకశాల నాణెం మరొకదాని పేరున అమ్ముడుపోయే ప్రమాదం ఉంది. ఏదో తేల్చలేనప్పుడు "నిర్ధారణ కాలేదు" అనే రాస్తారు. ఆ రెండు మాటల వల్ల ధర పడిపోతుందని తెలిసీ రాస్తారు.

శుభ్రం చేసిన నాణేల విషయంలోనూ ఇదే తీరు. ఈస్టిండియా కంపెనీ 1835 నాటి పావు అణా రాగి నాణేలను చింతపండుతో తోమి కొత్త చెంబులా మెరిపించి "యూఎన్‌సీ" (చలామణీలోకి రాని కొత్త నాణెం) అని అమ్మేవారు ఆన్‌లైన్‌లో కొల్లలు. నిజానికి ఆ మెరుపుతో దాని విలువ సగం పోయినట్టే. మొన్న ఒక కుర్రవాడు అటువంటి నాణేనికి గబగబా పాట పెంచుతుంటే నిర్వాహకులే మధ్యలో ఆపి, "ఫొటోలో మెరుపు చూసి పెంచకండి బాబూ, అది తోమిన మెరుపు, వివరణ మళ్లీ ఒకసారి చదవండి" అని గ్రూపులోనే రాశారు. పాట అక్కడితో ఆగిపోయింది. విశాఖ గాలిలోని తేమకు నాణేల మీద వచ్చే మచ్చలనూ, పాత నోట్ల మీద లేచే పసుపు చుక్కలనూ కూడా విడివిడిగా పేర్కొంటారు. నాసిరకం పీవీసీ కవర్లలో దాచిన నాణెం మీద ఆకుపచ్చ జిడ్డు పేరుకుంటుంది కనుక, అలా వచ్చిన సరుకును అసలు తీసుకోరు.

ఏమి అమ్మరో కూడా చెప్పుకోవాలి. ఒక వైపు సీతారామలక్ష్మణులూ హనుమంతుడూ, మరో వైపు ఈస్టిండియా కంపెనీ పేరూ 1818 అన్న తేదీ ఉన్న బిళ్లలు సంతల్లో, ఫేస్‌బుక్‌లో లక్షలు పలుకుతాయని చెప్పి అమ్ముతుంటారు. కంపెనీ అటువంటి నాణేన్ని ఎన్నడూ ముద్రించలేదు. వీటికీ, బియ్యపు గింజలను లాగే మహిమ ఉందంటూ వస్తువులు అంటగట్టే రైస్ పుల్లింగ్ కథలకూ దగ్గరి చుట్టరికం. ఇక్కడ వాటి ఫొటో పెట్టినవారిని ఒక హెచ్చరిక తరవాత గ్రూపు నుంచి తీసేస్తారు. పాత నోట్లు, నాణేలు అమ్మిపెడతామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషన్లూ పన్నులూ గుంజేవారి గురించి ఆ బ్యాంకు 2021 ఆగస్టులో చేసిన హెచ్చరికను కూడా గ్రూపు పైభాగాన అతికించి ఉంచారు. తీర్థస్థలం బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు పది లక్షలు వస్తాయని నమ్మి వచ్చేవారికి అదే మొదటి జవాబు.

నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. నా పంది రూపాయి బిల్లు మీద లైసెన్సు నంబరు ఉంది. విదేశీ చిరునామాలకు పంపమన్న కోరికలను ఎంత ధర వచ్చినా తిరస్కరిస్తున్నారు. తొట్లకొండ మీద తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలూ రోమను నాణేలూ దొరికాయని మన జిల్లాలో అందరికీ తెలుసు కనుక "మా పొలంలో దొరికింది" అంటూ సీసపు బిళ్లలు తెచ్చేవారు వస్తూనే ఉంటారట. అది అబద్ధమైతే సరుకు నకిలీ. నిజమైతే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయవలసిన సొత్తు. రెండు విధాలా వద్దనే అంటారు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి.

కొనేవారి నిజాయితీని కూడా ఈ వేలం గట్టిగానే అడుగుతుంది, దాని మీద కొందరు సభ్యులకు కోపం ఉంది. నాకు లేదు. మంచి నాణెం కొని, అదే సంవత్సరం నాటి తమ అరిగిన నాణేన్ని "బాగాలేదు" అని తిప్పి పంపే కొనుగోలుదారులు ఈ రంగంలో ఉన్నారన్నది అమ్మేవారందరూ చెప్పే మాట. అందుకు విరుగుడుగా, ప్రతి నాణేన్నీ అట్ట హోల్డరులో బిగించి, మూత మీద సంతకం చేసి, రెండు వైపులా గీతలు లెక్కపెట్టగలిగినంత పెద్ద ఫొటో తీసి ఉంచుకుంటారు. సంతకం చెదరకుండా మూడు రోజుల్లో తిప్పి పంపితే కారణం అడగకుండా డబ్బు ఇస్తారు, సంతకం చెదిరితే ఫొటోతో పోల్చి చూశాకే ఇస్తారు. నకిలీ అని తేలితే గడువు లేదు. పాట పాడి డబ్బు కట్టనివారిని, గెలిచిన తరవాత "కాస్త తగ్గించండి సార్" అని విడిగా సందేశం పెట్టేవారిని రెండోసారికి తొలగిస్తారు. నేను ఒక పది రూపాయల నోటు తిప్పి పంపాను. కొత్త నోటని రాశారు గాని, మడతను ఇస్త్రీ చేసి సాపు చేసిన జాడ వెలుతురుకు ఎదురుగా పెడితే కనబడింది. డబ్బు మరునాడే వచ్చింది. తరవాతి వారం అదే నోటు "ఇస్త్రీ చేసినది" అన్న వివరణతో మళ్లీ పాటకు వచ్చింది.

ఇక నెగ్గని చోటు. ప్రతి శనివారం పాట మొదట్లో ఒకే నంబరు నుంచి మూడు నాలుగు పాటలు వరసగా వచ్చి, ధర ఒక స్థాయికి చేరగానే ఆ మనిషి కనుమరుగవుతాడు. ఎన్ని వారాలు గమనించినా అతడు గెలిచిన వస్తువు ఒక్కటీ కనబడలేదు. శుక్రవారం ఇంటికి వెళ్లినప్పుడు సూటిగానే అడిగాను. నిర్వాహకులు దాచలేదు. "మా మేనల్లుడండీ, పాట చప్పగా మొదలైతే ఎవరూ ముందుకు రారని ఊపు కోసం పాడతాడు, కొనడు" అన్నారు. తాము చేస్తున్నది తప్పని ఆయనకు తోచలేదు. అయితే 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అమ్మేవాడు తన తరఫున పాట పాడే హక్కు ఉంచుకుంటున్నట్టు ముందుగా ప్రకటించకపోతే తానూ పాడకూడదు, మరొకరి చేతా పాడించకూడదు. అలా పాడిస్తే ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. కొక్కెం మచ్చను ముందే చెప్పిన మనిషి మేనల్లుడి సంగతి మాత్రం అడిగితే గాని చెప్పలేదు. నాణెం గురించి ఎంత నిజం చెప్పినా, దానికి ఎదురుగా నిలిచిన ధరలో కొంత భాగం కల్పితమైతే కొనేవాడికి మిగిలేది సగం నిజమే.

"ఇంత ధరకు తక్కువైతే ఇవ్వం" అని కనీస ధర ముందుగా రాసేస్తే ఈ అవసరమే రాదని చెప్పాను. ఇప్పుడు వెండి నాణేలకు కనీస ధర రాస్తున్నారు, వాటి పాటలో ఆ నంబరు కనబడటం లేదు. రాగి నాణేలకూ నోట్లకూ పాత పద్ధతే సాగుతోంది.

మిగిలిన విషయాలు క్లుప్తంగా: కమీషను కొనేవారి దగ్గర తీసుకోరు, పోస్టేజీ ఖర్చు ఎంతైతే అంతే, ప్యాకింగ్ గట్టిగా ఉంటుంది, బిల్లు అడగకుండానే ఇస్తారు. సందేశాలకు జవాబు మాత్రం పగటిపూట ఆశించవద్దు.

వెండి రూపాయల కోసమైతే ఈ వేలంలో చేరమని నిస్సంకోచంగా చెబుతాను, అయిదుకు నాలుగు ఇస్తాను. రాగి నాణేలూ నోట్లూ కావలసినవారు శుక్రవారం ఎం.వి.పి. కాలనీకి వెళ్లి చూసి, తాము ఇవ్వదలచిన గరిష్ఠ ధరను ముందే కాగితం మీద రాసుకొని, పాట మొదటి పావుగంట జోలికి పోకుండా ఆ తరవాత దిగితే మంచిది. వాటికి నా లెక్కలో ప్రస్తుతానికి రెండున్నరే.