ఇంజిన్‌లో మడ్డి: తొమ్మిదేళ్ళ పెట్రోల్ కారుతో నా అనుభవం

మేం ఉండేది ఒడిశాలోని కోరాపుట్‌లో. ఇంటి నుంచి షాపుకి కిలోమీటరున్నర, షాపు నుంచి పాప స్కూలుకి ఇంకో కిలోమీటరు. కారు రోజూ తిరిగేది అంతే. ఏడాదికి నాలుగైదుసార్లు సాలూరు మీదుగా విజయనగరం, విశాఖపట్నం. 2016లో కొన్న 1.2 లీటర్ల పెట్రోల్ బండి, ఇప్పటికి మీటరు మీద 43 వేలు. కంపెనీ పేరు రాయను. దీనికి పట్టిన జబ్బు ఏ కంపెనీ బండికైనా పడుతుంది, పైగా సగం నేను తెచ్చిపెట్టుకున్నదే.

మంచి సంగతులు ముందే చెప్పేస్తాను. లీటరుకి ఘాట్‌లో 13, కింద చదును రోడ్డు మీద 18 కిలోమీటర్లు ఇస్తుంది. ఏసీ గ్యాస్ ఒక్కసారే నింపించాను. క్లచ్ 36 వేల కిలోమీటర్లకే పోయింది, కొండ ఊళ్ళో అది మామూలే. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుంటే సాలూరు దాకా ఎవరూ మాట్లాడరు, అంత ఇరుకు. ఇక అసలు విషయం.

2022 డిసెంబర్‌లో పొద్దున్నే స్టార్ట్ చేస్తే టాపెట్ సౌండ్, అంటే ఇంజిన్ పైన వాల్వుల దగ్గర చప్పుడు, మొదలైంది. టకటకమని ఓ నిమిషం కొట్టుకుని సర్దుకునేది. చలికేమో అనుకున్నాను. మా ఊరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల దగ్గర్లో ఉంటుంది, డిసెంబర్ పొద్దుట అద్దం మీద మంచు తుడిచిగానీ బండి తియ్యలేం. తర్వాత ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగే ఎర్రటి లైటు అప్పుడప్పుడూ మిణుకుమనడం మొదలైంది. డిప్ స్టిక్ తీసి చూస్తే లెవెల్ సరిగ్గానే ఉంది. ఆయిల్ పోసే మూత విప్పితే మాత్రం లోపలంతా మీగడలాంటి పసుపుపచ్చ నురుగు. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయని గుండె ఆగినంత పనైంది. కూలెంట్ చూశాను. రంగు మారలేదు, తగ్గలేదు, మీద జిడ్డు తేలలేదు. అంటే అది కూలెంట్ నీరు కాదు. రోజూ రెండేసి కిలోమీటర్లు నడిపి ఆపేస్తుంటే ఇంజిన్‌లో చేరిన చెమ్మ ఆవిరయ్యే అవకాశమే రావట్లేదు. కూలెంట్ ముల్లు తొందరగానే లేస్తుంది గానీ, కింద ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. నా బండి అంతసేపు ఎప్పుడు నడిచిందని?

పైగా ఆయిల్ మార్చి రెండున్నరేళ్ళు. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని పుస్తకంలో ఉంది. నేను మొదటి సగమే చదువుకున్నాను. పదివేలు కాలేదు కదా అని ఊరుకున్నాను.

మా ఊళ్ళో మెకానిక్‌కి చూపిస్తే "కిఛి నాహిఁ" అన్నాడు, అంటే ఒడియాలో ఏమీ లేదని. ఆ లైటుని వెలిగించే ప్రెషర్ స్విచ్ మార్చాడు, 450 రూపాయలు. ఐదు రోజులు లైటు రాలేదు, ఆరో రోజు వచ్చింది. మళ్ళీ వెళ్తే ఆయిల్‌లో ఫ్లషింగ్ మందు పోసి, పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, దింపేసి కొత్త ఆయిల్ పోశాడు. కిందకి వచ్చిన ఆయిల్ తారులా ఉంది. సౌండ్ సగం తగ్గింది. ఇక పీడ వదిలిందనుకుని సంక్రాంతికి విజయనగరం వెళ్ళాం.

తిరుగు ప్రయాణంలో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే లైటు వెలిగింది, ఈసారి మిణుకు కాదు. ఆపేశాను. పావుగంట ఆగి స్టార్ట్ చేస్తే లైటు లేదు. నాలుగు మలుపులు ఎక్కాక మళ్ళీ వచ్చింది. "ఇంకొంచెం పోతే ఊరే కదా" అని మా ఆవిడ అంది. ఆ మాట వినుంటే బేరింగులు పట్టేసి ఇంజిన్ తూకానికి పోయేది. టోయింగ్ బండి పిలిపించి వెనక్కి సాలూరు దిగాం.

సాలూరంటే లారీల ఊరు. అక్కడ నా బండి చూసినాయన కూడా లారీ మేస్త్రీయే. కంప్యూటర్ పెట్టలేదు. ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ కన్నంలో ముల్లు గేజి బిగించి స్టార్ట్ చేయించాడు. మొదట ఆయిల్ ప్రెషర్ మూడు కేజీలు చూపించింది. బాగా వేడెక్కాక యాక్సిలరేటర్ నొక్కి రేజ్ చేయమన్నాడు. రేజ్ చేస్తే ముల్లు పైకి పోవాలి, ఇది కిందకి వాలింది. మూడువేల ఆర్‌పీఎం దగ్గర అర కేజీ కూడా లేదు. ఆపి, టీ తాగొచ్చి మళ్ళీ పెడితే మళ్ళీ మూడు కేజీలు.

"మందు పోసేరా బాబూ?" అన్నాడు. పోశామన్నాను.

"మడ్డి కరిగి ఎక్కడికెల్తాది? కిందకే గదేటి. జాలీ మూసుకుపోనాది."

జాలీ అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే ఛాంబర్‌లో, పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే వల. బేరింగులు అరిగితే ఐడిలింగ్‌లో తక్కువ చూపించి, రేజ్ చేస్తే ముల్లు లేస్తుందట. ఇక్కడ పంపు గట్టిగా లాగే కొద్దీ చెత్త జాలీకి అతుక్కుంటోంది, ఇంజిన్ ఆపితే రాలి కింద పడుతోంది. ఘాట్‌లో పావుగంట ఆగితే లైటు ఎందుకు పోయిందో అప్పుడర్థమైంది.

ఛాంబర్ దింపారు. నేను పక్కనే నిలబడి చూశాను. జాలీ ముప్పావు వంతు మూసుకుపోయి ఉంది, మాడిన అట్టు పెచ్చుల్లాంటి నల్లటి ముక్కలతో. ఛాంబర్ అడుగున ముదిరిన బెల్లంపాకంలా ఉన్నదాన్ని రేకుముక్కతో గీకి తీశారు. ఫిల్టర్ విప్పితే ఇంకో సంగతి బయటపడింది. 2020లో నేనే మార్కర్‌తో రాసిన తేదీ దాని మీద చెక్కుచెదరకుండా ఉంది. నెల కిందటి బిల్లులో మాత్రం కొత్త ఫిల్టర్‌కి డబ్బులు వేశారు. ఆ షాపు ఏదో రాయను. ఇప్పుడు మాత్రం పాత ఫిల్టర్ నా చేతికిస్తేనే డబ్బులిస్తాను.

టాపెట్ కవర్ కింద కూడా గోడలకి నల్లగా పట్టి ఉంది. బ్రీదర్ వాల్వ్ విప్పి చెవి దగ్గర ఊపి చూపించాడు. బాగుంటే గలగలమనాలి, ఇది కదల్లేదు. ఇంజిన్‌లో చేరే ఆవిర్లు బయటికి లాగాల్సింది అదే మూసుకుపోతే చెమ్మ ఎటు పోతుంది? కొత్తది 380 రూపాయలు. ఈ మొత్తం కథలో అతి చవక సామాను అదే.

ఛాంబర్, జాలీ డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, పేస్టు రాసి బిగించారు. ఆయిల్, ఫిల్టర్, మజూరీ అన్నీ కలిపి 6,800. మళ్ళీ మందు పోయనన్నాడు. మిగిలిన మడ్డిని మంచి ఆయిలే నెమ్మదిగా కడుగుతుందని చెప్పి 5డబ్ల్యూ-30 గ్రేడ్ సింథటిక్ ఆయిల్ పోశాడు. 500 కిలోమీటర్లకి ఒకసారి, ఇంకో 1,500కి ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. మొదటిసారి కాఫీ డికాక్షన్‌లా దిగింది, రెండోసారికి వెనక వేలు కనిపించేంత తేట. ఇప్పుడు ఆర్నెల్లకోసారి మారుస్తాను, మీటరు చూడను. ఆదివారం జయపురం ఘాట్ దిగి ఎక్కి వస్తాం. మా పాప దాన్ని కారు వాకింగ్ అంటుంది.

అది జరిగి రెండున్నరేళ్ళు. లైటు మళ్ళీ రాలేదు. మూత కింద నురుగు వానాకాలంలో కొంచెం కనిపిస్తుంది, ఆదివారం తర్వాత పోతుంది. ఒకటి మాత్రం మిగిలిపోయింది. ఆర్నెల్లలో పావులీటరు ఆయిల్ తాగుతుంది. పిస్టన్ రింగుల్లో మడ్డి పట్టి ఉంటుందని, హాఫ్ ఇంజిన్ పని చేస్తేగాని పోదని మేస్త్రీ అన్నాడు. పావులీటరుకి ఇంజిన్ విప్పించడం నాకిష్టం లేక, డిక్కీలో ఓ డబ్బా వేసుకుని తిరుగుతున్నాను.